సముద్రం దారిన అత్తగారింటికి

ఆడవాళ్ళకు బస్సుల్లో టిక్కెట్టు లేదన్నప్పటి నుంచి మా ఊరి ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉండటం మానేశారు. కొందరు కోటప్పకొండకు, కొందరు మంగళగిరికి. ఏ పనీ లేకపోయినా గుంటూరు దాకా వెళ్ళి, బజారు చూసి, నిమ్మసోడా తాగి తిరిగొచ్చిన వాళ్ళూ ఉన్నారు. మా వదిన మాత్రం కదల్లేదు. "బస్సు ఊరికే వస్తే నా కాళ్ళు కూడా ఊరికే వచ్చాయా?" అనేది.

వదిన అంటే మా ఆయన అక్క. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ పుట్టింట్లో ఉంది. రేపల్లె అవతల కృష్ణానది నడుమ లంకలో ఒక ఊరికి ఇచ్చి పెళ్ళి చేస్తే రెండేళ్ళకే కట్టుబట్టలతో తిరిగొచ్చిందనీ, అత్త గెంటేసిందనీ నా పెళ్ళి మాటలప్పుడే మా వాళ్ళకు చెప్పారు. ఆ అత్తను మా ఇంట్లో తిట్టని మనిషి లేడు. కూరలో ఉప్పెక్కువైనా, గేదె తన్నినా, "ఆ లంక రాక్షసి ఉసురే తగిలింది" అనేది మా అత్తగారు. బతికున్నంత కాలం అనింది. ఆ మాట వచ్చినప్పుడల్లా వదిన చేతిలో పని చేతిలోనే పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. పాపం, బాధ, విన్లేక వెళుతోంది అనుకునేదాన్ని.

వదిన తేలిగ్గా కలిసిపోయే మనిషి కాదు. ఒకే వంటింట్లో ముప్పై ఏళ్ళ దగ్గర దగ్గర ఇద్దరం తిరిగాం. చింతపండు ఎంత నానబెట్టాలన్న దగ్గర నుంచి పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలన్న దాకా పేచీ పడ్డాం. కానీ మిరప కోతలకు కూలీలను పిలవాలన్నా, కల్లంలో తాలు కాయలు ఏరించాలన్నా ఆవిడే. మా చిన్నదానికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో నన్ను పడుకోబెట్టి తను కూర్చుంది. ఆవిడ అట్లా ఒక చేత్తో గిచ్చి ఇంకో చేత్తో నిమిరే మనిషి.

ఉగాది వెళ్ళింది. మిరపకాయలు టిక్కీ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపించేశాం. పత్తి మోళ్ళు పీకి కట్టెలకు వాముగా పెట్టాం. ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఉంటే వదిన ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మాయ్, నువ్వు సముద్రం చూశావా?"

"సూర్యలంక ఒకసారి చూశాగా. కార్తీకమాసంలో. జనం వీపులే కనపడ్డాయి."

"అయితే చూడనట్టే. పద పోదాం. చీరాల దగ్గర మొదలుపెట్టి, బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా ఒడ్డెంబడే పోదాం."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పటికే చేతిసంచి సర్దుకుని ఉందని సాయంత్రం తెలిసింది.

మా ఆయన అడ్డం చెప్పబోయాడు. "ఈ ఎండల్లో ఎందుకక్కా? వడదెబ్బ కొట్టుద్ది."

"కల్లంలో నడుం వంచి కాయలు తిరగేసినప్పుడు కొట్టని దెబ్బ బస్సులో కూర్చుంటే కొట్టుద్దంట్రా? నీకు రసం పెట్టుకోవటం వచ్చుగా. పెట్టుకో."

పొద్దున్నే చిలకలూరిపేట వచ్చి చీరాల బస్సెక్కాం. ఇద్దరికీ చెరొక చేతిసంచి, ఒక నీళ్ళ సీసా, పులిహోర డబ్బా. ఇవి కాక వదిన ఒక గోనెసంచి తెచ్చింది. అందులో నిరుడు కాయలు కొట్టించిన కారం, ఎండుమిరపకాయలు, ఒక సీసాడు గోంగూర పచ్చడి. ఆ సంచి బస్సెక్కించేటప్పటికే నాకు భుజం లాగింది.

"సముద్రానికి కారం ఎందుకు వదినా? చేపలకు పెడతావా?"

"నువ్వు పట్టుకో. ఎందుకో నేను చెబుతా."

పర్చూరు దాకా అంతా మనకు తెలిసిన నేలే. నల్లరేగడి పగుళ్ళు, ఖాళీ కల్లాల్లో అక్కడక్కడ ఎర్రటి మరకలు, పొగాకు బ్యారన్లు. పర్చూరు దాటాక నేల మెల్లగా రంగు మారింది. నలుపు బూడిద అయింది, బూడిద తెలుపయింది. తాటిచెట్లు పెరిగాయి. చీరాల వచ్చేసరికి కాలు పెడితే ఇసుకే. ఒక్క బస్సులో కూర్చుని ఇంత మార్పు చూడొచ్చని నేనెన్నడూ అనుకోలేదు. వదిన కిటికీ కమ్మీకి మొహం ఆనించి, చూస్తూ కూర్చుంది.

చీరాలలో దిగగానే చీరల కొట్ల వైపు నడిచింది. నాకు ఆశ్చర్యం. కొట్లో పట్టు చీరలు వేస్తుంటే చేత్తో తోసేసి, "మెత్తటి నేత చీర, ముసలివాళ్ళు కట్టేది, అంచు సన్నది చూపించు బాబూ" అంది. నీరుకావి రంగుది ఒకటి తీసుకుని, చెంపకు ఆనించి చూసి, సంచిలో పెట్టింది. తనకే అనుకున్నాను. అరవై దగ్గరపడ్డ మనిషి కదా.

అక్కడి నుంచి ఆటోలో వాడరేవు. సరుగుడు చెట్ల మధ్య నుంచి దారి వంపు తిరగ్గానే ఎదురుగా సముద్రం లేచి నిలబడింది. పొద్దుటి పూట, మనుషులు తక్కువ. ఒడ్డున పల్లెకారులు అలివి వల లాగుతున్నారు. ఆ వల రెండు కొసలూ ఒడ్డు మీదే ఉంటాయి, నడుమంతా దూరంగా నీళ్ళలో ఉంటుంది. ఇటు ఒక వరస, అటు ఒక వరస మనుషులు మోకు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. వరస చివర నా ఈడు ఆడమనిషి ఒకామె చీర కాసెపోసి కట్టి లాగుతోంది. మా వదిన ఆమెను కాసేపు చూసి, సంచులు నా కాళ్ళ దగ్గర పడేసి, వెళ్ళి ఆమె వెనక మోకు పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అందా పల్లెకారావిడ, లాగటం ఆపకుండానే.

"పేట నుంచి. సముద్రం చూద్దామని వచ్చాం."

"చూడ్డానికొస్తే చూడక లాగుతావేంది?"

"ఊరికే చూస్తూ నిలబట్టం నాకు చేతగాదు తల్లీ."

అందరూ నవ్వారు. వల ఒడ్డుకు వచ్చేదాకా వదిన వదల్లేదు. నేనూ పట్టుకున్నాను, కానీ ఇసుకలో కాళ్ళు దిగబడి రెండుసార్లు కూలబడ్డాను. వలలో పెద్ద సరుకేం పడలేదు. వెండి రంగులో గుప్పెడు కవళ్ళ చేపలు, నాలుగు రొయ్యలు, బోలెడంత నాచు. ఆ ఆడమనిషి ఒక ఆకులో చేపలు పొట్లం కట్టి మా వదిన చేతిలో పెట్టింది. ఒడ్డున పాకహోటలామె వాటిని వేపి పెడితే, మా పులిహోరతో తిన్నాం. వదిన అరచేతులు మోకు రాపిడికి ఎర్రగా కందాయి. వాటిని చూసుకుని మురిసిపోయింది.

మధ్యాహ్నానికి బాపట్ల చేరి ఒక సత్రంలో గది తీసుకున్నాం. గది అంటే రెండు చాపలు, ఒక ఫ్యాను. మర్నాడు తెల్లారగానే సూర్యలంక బస్సెక్కాం. నేను వెనకటికి చూసిన సూర్యలంక కాదది. ఒడ్డంతా ఖాళీ. ఇసుక మీద ఎర్ర పీతలు, మనం అడుగేస్తే చాలు మాయం. వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని నీళ్ళలోకి దిగింది. మొదటి అల వచ్చి మోకాళ్ళకు కొట్టింది. రెండోది నడుముకు. మూడోదానికి ఇద్దరం చతికిలబడ్డాం.

"ఓసి దీని దుంపతెగ!" అని అరిచింది వదిన. తర్వాత నవ్వటం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ అట్లా నవ్వగా నేను వినలేదు. కళ్ళు మండుతున్నాయి, నోట్లో ఉప్పు, జుట్టు నిండా ఇసుక. వంటింట్లో మరదలి చేత గుంజీలు తీయించే మనిషి, అలకు ఎదురెళ్ళి పడటం, లేవటం, మళ్ళీ పడటం. ఎండెక్కి ఇసుక కాలేదాకా ఆడింది. తర్వాత తాటిచెట్ల నీడలో ముంజలు కోసిచ్చే ఆవిడ దగ్గర కూర్చుని, బొటనవేలితో పొడిచి పొడిచి తిన్నాం. బట్టలు ఒంటిమీదే ఆరాయి.

"ఇంక ఇంటికి పోదామా వదినా?" అన్నాను. నా మటుకు నాకు కడుపు నిండింది.

"ఇంకొంచెం పోదాం. బస్సుందిగా."

ఆ బస్సు నిజాంపట్నం పోయేది. అక్కడ హార్బరులో పడవలు పక్కపక్కన కట్టేసి ఉన్నాయి, రొయ్యలు, ఎండుచేపల వాసన ఊరంతా. వదిన అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. పడవల్ని చూస్తున్న మనిషి మొహం అదోలా అయింది. ఇంకో బస్సెక్కి రేపల్లె వచ్చాం. దారంతా కాలవలు, కోసిన వరిచేలు, గట్ల మీద కొబ్బరి. రేపల్లెలో బస్టాండు దగ్గర లాడ్జిలో ఆ రాత్రి పడుకున్నాం.

పొద్దున టిఫిను హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని వదిన తినలేదు. చట్నీలో వేలు ముంచి పక్కన గీతలు గీస్తోంది. నేను మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టగానే అంది.

"అమ్మాయ్. ఇక్కడి నుంచి రేవుకు బస్సుంది. రేవులో పడవెక్కితే మా అత్తగారి ఊరు."

నేను తెల్లబోయాను. "ఆ రాక్షసి దగ్గరికా?"

"ఆ మాట అనబాక."

గట్టిగా అనలేదు. కానీ ఆ గొంతుకు నాకు చేతిలో ఇడ్లీ ముక్క జారింది. అప్పుడు చెప్పింది. ఎవరికీ చెప్పని సంగతి ఆ ఇడ్లీల ముందు, చుట్టూ జనం కాఫీలు తాగుతుంటే, చిన్న గొంతుతో చెప్పింది.

ఆవిడ మొగుడు కొట్టేవాడు. తాగి కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. మొదటిసారి పుట్టింటికొచ్చి చెప్పుకుంటే పెద్దమనుషులు కూర్చుని, "మొగుడన్నాక ఓ దెబ్బ వెయ్యకుండా ఉంటాడా, సర్దుకోవాలమ్మా" అని వాళ్ళ నాన్నే తీసుకెళ్ళి దింపొచ్చాడట. రెండోసారీ అంతే. ఆ రెండోసారి తర్వాత ఒకరోజు చెవి మీద కొడితే రక్తం వచ్చింది. మర్నాడు వేకువన అత్త లేపింది.

"'లేవే. వాడు లేచేలోగా పడవుంది, పో' అంది. నేను ఏడుస్తా కూర్చున్నా. 'మళ్ళీ మా నాన్న తెచ్చి దింపుతాడు అత్తా' అన్నా. అప్పుడావిడ ఏం చెప్పిందో తెలుసా? 'మొగుడు కొట్టాడని చెప్పబాక. చెబితే పంచాయితీ పెట్టి మళ్ళా పంపిస్తారు. అత్త గెంటేసిందని చెప్పు. నా చేతి కింద ఇక బతకలేనని చెప్పు. ఆ మాటంటే మీ వాళ్ళకు రోషమొస్తుంది. రోషమొస్తే పంపరు' అంది."

"ఆవిడే చెప్పమందా?"

"ఆవిడే. ఒట్టేయించుకుంది. రేవు దాకా తనే వచ్చి పడవెక్కించింది. నేనట్టాగే చెప్పా. ఆవిడ అన్నట్టే అయింది. మా నాన్న మీసం మెలేసి, చచ్చినా ఆ గడప తొక్కనివ్వనన్నాడు."

మా ఇంట్లో తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. వదిన పెరట్లోకి వెళ్ళిపోవటం గుర్తొచ్చింది.

"మీ తమ్ముడికైనా చెప్పొచ్చు కదా. మీ నాన్న పోయాకైనా."

"ఒట్టు ఒట్టేగా. అదీగాక, అలవాటయిపోయింది. ఆవిడ ఇంకా ఉందని మొన్న కోతలకొచ్చిన కూలీల్లో ఒకామె చెప్పింది. ఆమెది ఆ పక్క లంకేనంట. అత్తకు కళ్ళు కనపట్టం లేదంట. అప్పటి నుంచి నాకు నిద్రలేదు."

బస్సు ఊరికే వచ్చినా కదలని మనిషి సంచి ఎందుకు సర్దుకుందో అప్పటికి నాకు అర్థమైంది.

"మరి సముద్రం?" అన్నాను.

"నేరుగా రావటానికి భయమేసింది. రెండ్రోజులు చుట్టూ తిరిగితే ధైర్యమొస్తుందేమోనని." అంటూ ఇడ్లీ తుంచింది. "సముద్రం కూడా బాగుందిగా."

రేవులో ఇంజను పడవ ఉంది. నలుగురు కూలీలు, రెండు సైకిళ్ళు, ఒక మేక, మేము. నది అక్కడ వెడల్పుగా, నీరు బురదరంగుగా ఉంది. సముద్రం పోటుకు ఎదురు పారుతోంది. లంక దగ్గరయ్యేకొద్దీ అరటి తోటలు, కంద చేలు, గట్టున కూర్చున్న గేదెలు కనిపించాయి. వదిన గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా దాన్ని వాటేసుకుంది.

ఊరు మారిపోయిందట. పూరిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాయి. అయినా ఆవిడ ఎవరినీ అడగలేదు. సిమెంటు రోడ్డు మీద తిన్నగా నడిచి, ఒక ఇంటి ముందు ఆగిపోయింది. గేటు దగ్గర ఒకావిడ గిన్నెలు తోముతోంది. యాభై దాటి ఉంటాయి, బొద్దుగా, గట్టి మనిషి. బూడిద చేతులతోనే లేచి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

నేనే చెప్పాను. "చిలకలూరిపేట వైపు నుంచి వచ్చామండి. ఈవిడ ఈ ఇంటి..." ఏమనాలో తెలియక ఆగిపోయాను.

ఆవిడకు అర్థమైంది. ఒక్క క్షణం వదిన మొహంలోకి చూసి, చేతులు చీరకు తుడుచుకుని, "నువ్వా అక్కా?" అంది. "అట్టా గేటవతల నిలబడ్డావేంది? లోపలికి రా."

వదిన మొగుడు తర్వాత చేసుకున్న భార్య ఆవిడ. మా చేతుల్లో సంచులు లాక్కుని వసారాలోకి నడిచింది. అక్కడ నవారు మంచం మీద ఒక ముసలమ్మ ముడుచుకుని కూర్చుని ఉంది. చిన్నపిల్లంత మనిషి. చెవులకు తమ్మెలు సాగి భుజాల దాకా వేలాడుతున్నాయి. కళ్ళు తెల్లగా పొరలు కమ్మి ఉన్నాయి.

"అత్తా! ఎవరొచ్చారో చూడు!" అని రెండో ఆవిడ చెవి దగ్గర కేకేసింది. "నీ పెద్దకోడలు! పేట కోడలు!"

ముసలమ్మ తల అటూ ఇటూ తిప్పింది. వదిన వెళ్ళి మంచం పక్కన నేల మీద కూలబడి, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టింది. ముసలమ్మ కుడిచెయ్యి తడుముకుంటూ వదిన జుట్టు మీదికి, చెంప మీదికి, చెవి మీదికి వచ్చింది. చెవి దగ్గర ఆగింది.

"ఆ రోజు ఇబ్బంది లేకుండా ఇంటికి చేరావా అమ్మా?" అంది.

నిన్న మొన్న పంపినట్టు అడిగింది. వదిన భోరుమని ఏడ్చింది. రెండో ఆవిడ ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి పోయింది. నేనూ ఆవిడ వెనకే వెళ్ళాను. వాళ్ళిద్దరి దగ్గరా మనం ఉండకూడదనిపించింది.

ఆవిడ పొయ్యి ముట్టించి, వంకాయలు నా ముందుకు తోసింది. నేను తరుగుతుంటే తనే చెప్పుకొచ్చింది.

"నాకూ కాపురానికొచ్చిన రోజునే చెప్పిందమ్మా ఆ ముసల్ది. 'వాడు చెయ్యెత్తితే నాకు చెప్పు, పడవుంది' అని. నేను పడవెక్కలా. వాడు మొదటిసారి చెయ్యెత్తినప్పుడు రోకలి తీసుకున్నా. రెండోసారి ఎత్తలా."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ గొంతు తగ్గించింది.

"ముసలామె ఎడం చెయ్యి చూశావా? అతకలా. మీ వదినను పడవెక్కించి ఇంటికొచ్చాక వాడు విరగ్గొట్టాడు. అమ్మనే. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె మాత్రం జారిపడ్డానంటుంది. అక్కకు చెప్పబాకు."

చెప్పనన్నాను.

వసారాలోకి తిరిగొచ్చేసరికి వదిన చీరాల చీర విప్పి ముసలమ్మ ఒళ్ళో పరిచింది. ముసలమ్మ దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసి, "మెత్తగా ఉంది. చచ్చాక కప్పటానికా?" అంది. "బతికుండగా కట్టుకోవటానికే" అని వదిన కసిరింది. కారం సంచి వాసన చూపిస్తే, "ఇంత కారం మీరేం తింటారే, అందుకే మీకంత రోషం" అని పళ్ళులేని నోటితో నవ్వింది. వదిన ఆవిడ ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది.

"ఏమైంది అత్తా ఇది?"

"జారిపడ్డానమ్మా. రేవు మెట్లు నాచు కదా."

వదిన రెండో ఆవిడ వైపు చూసింది. ఆవిడ గుమ్మానికి కట్టిన తోరణం సర్దుతూ నిలబడింది.

భోజనాల వేళకు అతను వచ్చాడు. అరటితోట నుంచి గెల భుజాన వేసుకుని గేటు తీసి, మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు. సన్నగా, నడుం వంగి, కాలికి షుగరు పుండేమో గుడ్డకట్టు. పొద్దున వదిన చెబుతుంటే నేను ఊహించుకున్న మనిషి కాదు. గెల కిందపెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"పొద్దున."

"బాగున్నావా?"

"బాగున్నా."

అతను కాళ్ళు కడుక్కుని గొడ్లపాక వైపు వెళ్ళాడు. రెండో ఆవిడ కంచం అక్కడికే పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆ పూట అతను మళ్ళీ వసారాలోకి రాలేదు. మేం మాత్రం ముసలమ్మ మంచం చుట్టూ కూర్చుని గుత్తివంకాయ కూర, చింతచిగురు పప్పు, మా గోంగూర పచ్చడి వేసుకుని తిన్నాం. ముసలమ్మకు వదినే ముద్దలు కలిపి పెట్టింది. "చింతపండు తక్కువయింది" అని రెండో ఆవిడకు వంక కూడా పెట్టింది. ఆవిడ నా వైపు చూసి కన్నుగీటింది. ముప్పై ఏళ్ళుగా నేను పడుతున్నదేమిటో ఒక్క పూటలో ఆమెకు తెలిసిపోయినట్టుంది.

సాయంత్రం పడవకు బయల్దేరాం. ముసలమ్మ వదలనని పేచీ పెట్టలేదు. "పొద్దు వాలకముందే పోండి, పోటు తీస్తే పడవ బురదలో నిలబడుద్ది" అంది. వదిన ఫోన్ నంబరు రెండో ఆవిడ తన ఫోన్లో "పెద్దక్క" అని పెట్టుకుంది. పడవ నది మధ్యకు వచ్చేదాకా వదిన వెనక్కి చూస్తూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ రేవు మెట్ల మీద నిండు బిందెతో నడిచేది అత్త, తొణక్కుండా. జారిపడే మనిషి కాదు."

నేను నది వైపు చూశాను.

"నీకు తెలుసులే. తెలిసినా చెప్పవు. మంచిదే" అంది. పడవ అంచు పట్టుకుని మళ్ళీ తనే అంది. "వాడు అంత చిన్న మనిషి ఏందే? నా కళ్ళకు తలుపంత ఎత్తుండేవాడు. ఇన్నేళ్ళు కలలో వచ్చి అరిచినవాడు వీడేనా?"

ఆ మాటకు నేను ఆవిడ భుజం చుట్టూ చెయ్యేశాను. మా మధ్య అట్లాంటి అలవాటు లేదు. ఆవిడ తోసెయ్యలేదు.

ఇంటికొచ్చిన రోజున మా ఆయన, "ఏం చూశారు?" అని అడిగాడు. నేను సముద్రం సంగతులు మొదలుపెట్టబోతుంటే వదిన చెయ్యి అడ్డంపెట్టి, "నేను చెబుతా. నువ్వు కూర్చోరా" అంది. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి ఆయన తల వంచుకుని ఉన్నాడు. చెవి నుంచి రక్తం వచ్చిన సంగతి కూడా అప్పుడే విన్నాడు. "మరి మేం ఆవిణ్ణి అన్ని మాటలంటుంటే ఎట్టా విన్నావక్కా?" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. రసం ఆయనే పెట్టాడు, బాగానే కుదిరింది.

రెండో ఆవిడ అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. ముసలమ్మ కళ్ళకు శుక్లాలనీ, గుంటూరు తీసుకెళితే చూపు వస్తుందంటున్నారనీ, కానీ తనొక్కతే మోసుకురాలేననీ చెప్పింది. వదిన ఏదో అనబోయేలోగా మా ఆయన ఫోన్ లాక్కుని, "రేవు దాకా మీరు తీసుకురండమ్మా. అక్కడికి నేనొస్తా" అన్నాడు. ఆషాఢంలో, దుక్కులు ఆగిన నాలుగు రోజులు చూసుకుని, కారు మాట్లాడుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. నేనూ, వదినా బస్సులో వెళ్ళి గుంటూరు ఆసుపత్రిలో వాళ్ళను కలిశాం.

బెంచీ మీద ముసలమ్మ మధ్యలో కూర్చుంది, నీరుకావి చీర కట్టుకుని. ఒక పక్క వదిన, ఒక పక్క రెండో ఆవిడ. ఒకరు ఆవిడ పైట సర్దితే ఇంకొకరు మళ్ళీ సర్దుతున్నారు. మా ఆయన ఎదురుగా నిలబడి బత్తాయి వొలుస్తున్నాడు. కారులో అంతదూరం వచ్చి కూడా ఆయనా, ముసలమ్మా పెద్దగా మాట్లాడుకోలేదట. తొనలు చేతిలో పెడుతుంటే ముసలమ్మ ఆయన వేళ్ళు పట్టుకుంది.

"అబ్బాయ్, మీ ఇంట్లో నన్ను బాగా తిట్టేవాళ్ళా?"

"తిట్టామత్తా. మా అమ్మ, నాన్న, నేను. అందరం తిట్టాం."

"గట్టిగానే తిట్టారా?"

"గట్టిగానే."

"ఊఁ. మెత్తగా తిడితే మళ్ళీ నా గుమ్మంలో దింపేవాళ్ళు" అని ఆవిడ తొన నోట్లో వేసుకుంది.

మా ఆయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంత జనంలో, చేతిలో బత్తాయి తొక్కలు పట్టుకుని నిలబడి ఏడ్చాడు. వదిన లేచి ఆ తొక్కలు తీసుకుని బుట్టలో వేసొచ్చింది. ఇంతలో నర్సు తలుపు తీసి ముసలమ్మ పేరు పిలిచింది. ఆయన ఆవిడ కుడిచెయ్యి తన భుజం మీద వేసుకుని, వంగి, అడుగులో అడుగు వేస్తూ లోపలికి తీసుకెళ్ళాడు.

మర్నాడు కట్టు విప్పాక ఆవిడ మొట్టమొదట వదిన మొహంలోకి చూసి, "అయ్యో, నువ్వూ ముసల్దానివైపోయావేమే" అంది. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది. మా కూరలు కారమని రోజూ అంటూనే రెండోసారి వేయించుకునేది.